కూర్చోలేని పలకల మేస్త్రీ

ఫెస్,
2002 సెప్టెంబర్ 14

బతూల్ అక్కకి తమ్ముడు తహామి సలాములు.

మనవరాలు పుట్టిందన్న కబురు అందింది. అల్లా చల్లగా చూడాలి. పేరు పెట్టే రోజున నేను రాకపోతే గొర్రె తలకాయ ఎవరికీ పెట్టకుండా నా పేరు మీద పిల్లికి వేస్తానని రాశావు. పిల్లికే వెయ్యి అక్కా. నేను రాలేను.

పని ఒత్తిడి. సెఫ్రూలో కొత్త బడికి వాకిట్లో ఫౌంటెన్ గోడ ఒప్పుకున్నాను. పాత రకం నక్షత్రాల పని, అన్నీ చేత్తో కొట్టాల్సిన రంగు పలకల ముక్కలే. నా భాగస్వామి ముఫద్దల్ పోయాక కొట్టులో అతని వాటా సుత్తి కూడా నేనే పట్టుకుంటున్నాను. పైగా మీ తెత్వాన్ దాకా బస్సులో ఆరు గంటలు. రోడ్లు బాగాలేవు. ఎండ కూడా.

నీ మరదలు సఫియ వస్తుంది. ఆవిడ చేత బాదం మిఠాయి పంపుతున్నాను. పిల్లకి నా ముద్దు.

నీ తమ్ముడు,
తహామి


తెత్వాన్,
సెప్టెంబర్ 23

రోడ్లు బాగాలేని ఊళ్ళో ఉన్న తమ్ముడికి,

ఆ రోడ్డు పోయినేడే కొత్తగా వేశారు. ఎండ అన్నావు, పండగ రోజు ఇక్కడ వాన. అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పుడూ రాలేదు, యాభై రెండేళ్ళు వచ్చినా రాలేదు.

పిల్లకి నుహైలా అని పేరు పెట్టాం. ముక్కు మాత్రం నీదే, పాపం.

మీ ఆవిడ మూడు రోజులుంది. ఏమీ చెప్పకూడదనే వచ్చింది. రెండో రోజు ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేసింది. నువ్వు నిలబడి తింటున్నావట. గిన్నె చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని, గుర్రంలాగా. శుక్రవారం అందరూ చుట్టూ కూర్చుని తినే కుస్కుస్ కూడా అంతేనట. "వదినా, నా వంట బాగాలేక త్వరగా లేచిపోవాలని అలా తింటున్నాడా?" అని అడిగింది. నాకేం తెలుసు అన్నాను.

తహామీ, నేను ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు మంత్రసానిగా చేశాను. మనిషి ఒంట్లో నేను చూడని చోటు లేదు, నన్ను సిగ్గుపెట్టే మాట లేదు. మొలలా? అయితే మొలలని రాయి. ఫోన్ చెయ్యకు. ఫోనులో నువ్వు "అంతా కులాసా" అని తప్ప ఇంకో మాట అనవు.

బతూల్


ఫెస్,
అక్టోబర్ 2

అక్కా,

మొలలు కావు. మొలలైతే బాగుండేది, చెప్పుకోవడానికి ఒక పేరైనా ఉండేది.

రెండేళ్ళ కిందట మొదలైంది. కూర్చుంటే కింద, ముందుకీ వెనక్కీ మధ్యన ఉండే చోట, నిప్పుకణిక మీద కూర్చున్నట్టు. పది నిమిషాలు గడిస్తే తొడల్లోకి, పొత్తికడుపులోకి పాకుతుంది. ఒంటికి వెళ్ళేటప్పుడు మంట. వెళ్ళొచ్చాక మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. నేను పలకల మేస్త్రీని అక్కా. నేల మీద కూర్చుని ఒళ్ళో రాయి పెట్టుకుని కొట్టేదే నా బతుకు. కూర్చోలేని మేస్త్రీ కాళ్ళు లేని పోస్ట్‌మన్ లాంటివాడు.

ముగ్గురు డాక్టర్లకి చూపించాను. మొదటాయన ప్రోస్టేట్ గ్రంథిలో చీము అన్నాడు, నెలన్నర యాంటీబయాటిక్ మింగించాడు. రెండో ఆయన ఇంకో రంగు మాత్రలు ఇచ్చాడు. రక్తం, మూత్రం, లోపలి ఫొటోలు, అన్నీ శుభ్రం అన్నారు. మూడో ఆయన "నొప్పి మీ తల్లో ఉంది" అన్నాడు. "అయ్యా, నేను తల మీద కూర్చోను" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఇంకొకటి. ఇంతకు మించి రాయను, నువ్వు అక్కవి. సఫియ దగ్గర పడుకున్న మర్నాటి నుంచి రెండ్రోజులు నాకు నరకం. అందుకని అవతలి గదిలో పడుకుంటున్నాను. నా గురకకి తనకి నిద్ర పట్టదని ఆవిడతో చెప్పాను.

లోపల ఏదో పెరుగుతోందని భయంగా ఉంది. సెఫ్రూ పని అయ్యాక కొట్టు మూసేస్తాను. ముప్పై నాలుగేళ్ళు చేశాను, చాలు.

సఫియకి చెప్పకు. ఉత్తరాలు కొట్టు చిరునామాకి రాయి.

తహామి


తెత్వాన్,
అక్టోబర్ 9

పిచ్చి తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి తల మీద కూర్చోను అన్న చోట నవ్వాను. ఆ డాక్టరు నవ్వాల్సింది.

ముందు భయం తీసెయ్యి. ముగ్గురు చూసి, పరీక్షలన్నీ చేసి, ఏమీ పెరగడం లేదన్నారు. నీకు మాత్రం అది శుభవార్తలా వినపడలేదు. ఈ ఊళ్ళో నేనెరిగిన పెద్ద డాక్టరుగారిని కూడా అడిగాను, పేరు చెప్పకుండా. ఆయనా అదే అన్నారు.

ఇక మందు నా దగ్గరుంది. కడుపు కింద ఊయలలాగా కొన్ని కండరాలుంటాయి. అవి వదులైతే ఈ బాధలన్నీ. కాన్పయిన ప్రతి ఆడపిల్లకీ నేను చెప్పేదే నీకూ చెబుతున్నాను. మూత్రం మధ్యలో ఆపినట్టు గట్టిగా బిగించు. పది లెక్కపెట్టు. వదులు. రోజుకి ముప్పైసార్లు. ఎవరికీ కనపడదు, కొట్లో బేరమాడుతూ కూడా చెయ్యొచ్చు. నెల్లాళ్ళలో గంతులేస్తావు.

సఫియకి చెప్పు. గురక అంటే నమ్మే ఆడది ఇంకా పుట్టలేదు.

నీ డాక్టరమ్మ,
బతూల్


ఫెస్,
నవంబర్ 3

డాక్టరమ్మ గారికి,

నువ్వు ముప్పై అన్నావు. త్వరగా తగ్గాలని నేను డెబ్భై చేశాను. బేరమాడుతూ చేశాను, బజారులో నడుస్తూ చేశాను. పదో రోజున హమామ్‌లో వేడినీళ్ళ తొట్టి పక్కన పడిపోయాను. ఇద్దరు మోసుకొచ్చారు. నాలుగు రోజులు బోర్లా పడుకుని గడిపాను. జారిపడ్డానని సఫియకి చెప్పాను. నూనె రాసింది, నొప్పి లేని చోట.

తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రాయన, ఓపిగ్గా విన్నాడు. పరీక్ష చేసి, "మీ గ్రంథి బాగానే ఉంది. దాని చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి, రాళ్ళలాగా. మాత్రలతో పోదు. ఫిజియోథెరపీ చేయించుకోండి" అని చీటీ రాశాడు.

కొత్తపేట వైపు, రెండో అంతస్తు. తలుపు మీద తల్లీబిడ్డా బొమ్మ. లోపల అయిదుగురు ఆడవాళ్ళు, నలుగురు నిండు గర్భిణులు. నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకావిడ లేచి, "కూర్చోండి అన్నా, మీ మొహం పాలిపోయింది" అని కుర్చీ ఇచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో నిలబడి నాకు కుర్చీ ఇస్తోంది. కూర్చోలేనని ఎలా చెప్పను? "మీ ఆవిడ లోపలుందా?" అని అడిగింది. ఉంది అన్నాను. "ఎన్నో నెల?" అంది. ఆరు అన్నాను. "మొదటి కాన్పా?" అంది. ఔనన్నాను, ఈ వయసులో. అందరూ దీవించారు.

ఇంక అక్కడ లేని పెళ్ళాం కోసం ఎంతసేపని నిలబడను? నీళ్ళు తాగొస్తానని చెప్పి మెట్లు దిగి పారిపోయాను. మళ్ళీ వెళ్ళను.

తహామి


తెత్వాన్,
నవంబర్ 12

తహామీకి,

రంజాన్ నెలలో అబద్ధం రాయకూడదు కాబట్టి ఉన్నమాట రాస్తున్నాను. తప్పు నాదే.

మా పాత ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చూసిన షామా గారింటికి హరీరా చారు తీసుకుని వెళ్ళాను, ఉపవాసం విడిచే వేళకి. జరిగింది చెప్పాను. ఆవిడ చెంచా కింద పెట్టి, "బతూల్, బిగుసుకుపోయిన కండరాన్ని ఇంకా బిగించమన్నావా?" అంది. నేను ముప్పై ఆరేళ్ళు సాగిపోయిన వాటినే చూశాను. బిగుసుకుపోయేవి కూడా ఉంటాయని, అవి మగవాళ్ళకీ ఉంటాయని నాకు తట్టలేదు. మగవాళ్ళు నా దగ్గరికి వచ్చి పడుకోలేదు మరి. నీకు వైద్యం చేశాననుకున్నాను, బాధ పెట్టాను. మన్నించు. ఈ మాట దాచుకో, మళ్ళీ నా చేత రాయించలేవు.

ఇక నువ్వు. అయిదుగురు ఆడవాళ్ళని చూసి పారిపోయావు. పిల్లి లాంటి మన అమ్మ కడుపున పులి పుడుతుందని ఎవరూ అనుకోలేదు గానీ, ఎలుక పుడుతుందనీ అనుకోలేదు. వాళ్ళకి ఏ కండరాలు ఇచ్చాడో నీకూ అవే ఇచ్చాడు దేవుడు. అందుకే తలుపూ ఒకటే.

మళ్ళీ వెళ్ళు. వెళ్ళానని రాసేదాకా నీకు ఉత్తరం రాయను.

బతూల్


ఫెస్,
2003 జనవరి 12

అక్కా,

వెళ్ళాను. ఈద్ అయిన మరుసటి మంగళవారం నుంచి వెళ్తున్నాను. ఇవాళ్టికి అయిదుసార్లు అయింది.

ఆవిడ పేరు ఇఖ్లాస్. నలభై ఉంటాయి, గొంతు బడిపంతులమ్మ గొంతు. మొదటి మాటే, "పోయినసారి పారిపోయింది మీరేనా?" అంది. కిటికీలోంచి చూసిందట. నీ కసరత్తు సంగతి చెప్పాను.

"ఎవరు చెప్పారు బిగించమని?"

"బంధువు ఒకావిడ. పెద్దావిడ."

"ఆ పెద్దావిడకి నా సలాం చెప్పండి. ఇంకెవరికీ చెప్పొద్దని కూడా చెప్పండి."

పెద్దావిడ అన్నందుకు కోపం తెచ్చుకోకు.

మొదటి రెండు వారాలూ ఊపిరి పీల్చడమే. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పసిపిల్లాడిలా పొట్టతో గాలి పీల్చాలి. గాలి లోపలికి వెళ్తుంటే కింద కండరం దానంతటదే దిగుతుందట. నాది దిగలేదు. "పిడికిలి బిగించి పడుకున్నవాడు ఎంతసేపు నిద్రపోతే మాత్రం ఏం లాభం?" అంది ఆవిడ. తర్వాత తొడ లోపలి వైపు ఒక చోట వేలుపెట్టి నొక్కింది. అక్కా, నా నొప్పి, అదే, అచ్చంగా అదే నొప్పి, అక్కడెక్కడో ఉండేది పైకి లేచింది. రెండేళ్ళలో ముగ్గురు డాక్టర్లకి దొరకనిది ఒక వేలికి దొరికింది. "ఇదే" అన్నాను. "తల్లో లేదుగా" అంది.

తర్వాత లోపలి నుంచి కూడా వదులు చెయ్యాలంది. ఎలాగో నువ్వు ఊహించుకోగలవు, నేను రాయను. చేతికి తొడుగు వేసుకుని, ప్రతిసారీ ముందు అడిగి, వద్దంటే ఆపుతానని చెప్పి చేసింది. నేను పైకప్పు మీద పెచ్చులు లెక్కపెట్టాను. పదకొండు. మూడోసారికి లెక్కపెట్టడం మర్చిపోయాను.

పోయిన వారం సుత్తీ రాయీ తెచ్చుకుని, పని ఎలా చేస్తానో చూపించమంది. నేల మీద కూర్చుని ఒక నక్షత్రం ముక్క కొట్టాను. చూస్తూ చూస్తూ, "తహామీ గారూ, సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా మీరు ఊపిరి ఆపి కింద బిగిస్తున్నారు. రోజుకి ఎన్ని దెబ్బలు?" అంది. ఎవరు లెక్కపెట్టారు అన్నాను. "ఎప్పటి నుంచి ఇలా?" అంది.

ముఫద్దల్ గురించి చెప్పాను. మధ్యాహ్నం నమాజుకి లేచిన మనిషి లేచినట్టే కూలిపోయాడు. పాతిపెట్టి వచ్చి, మర్నాడే కొట్టు తెరిచాను. ఇద్దరి పని ఒప్పుకుని ఉన్నాం. పదకొండు గంటలు, పన్నెండు గంటలు కూర్చున్నాను, ఆర్నెల్లు. అతని చాప చూడకుండా ఉండాలని తల ఎత్తేవాణ్ణి కాదు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు. చెబుతుంటే పొట్ట వదులై గాలి కిందిదాకా దిగింది. ఏడ్చాను అక్కా. ఆవిడ తువ్వాలు ఇచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఇప్పుడు ఇరవై అయిదు నిమిషాలు కూర్చోగలను. ఈ ఉత్తరం కూర్చునే రాస్తున్నాను, మధ్యలో రెండుసార్లు లేచాను. సఫియకి మంగళవారాలు సెఫ్రూ వెళ్తున్నానని చెప్పాను. పూర్తిగా తగ్గాక చెబుతాను.

తహామి


తెత్వాన్,
జనవరి 21

తహామీకి,

నీ పెళ్ళాం నా వంటింట్లో ఉంది. రెండు సంచులతో నిన్న దిగింది. ఇప్పుడు రొట్టెల పిండి పిసుకుతోంది, ఆ పిండి నువ్వే అన్నట్టుగా.

నీకు కుర్చీ ఇచ్చిన గర్భిణి గుర్తుందా? ఆవిడ మీ పక్కింటి మన్నానాకి పినతల్లి కూతురట. బిడ్డని చూపించడానికి వచ్చి, గుమ్మంలో నిన్ను చూసి, "ఈ అన్న భార్యకి పురుడొచ్చిందా? పాపం, ఈ వయసులో మొదటి కాన్పు, ప్రతి మంగళవారం తీసుకొచ్చేవాడు" అందట. మన్నానా ఆ మాట వీధిలో ఒక్కళ్ళకి కూడా చెప్పలేదట, సఫియకి తప్ప. ఆ వెంటనే సఫియ సెఫ్రూ బడికి మనిషిని పంపింది. మంగళవారాలు నువ్వు అక్కడికి ఎన్నడూ రాలేదని తేలింది.

ఇదీ సంగతి. నీకు ఫెస్ కొత్తపేటలో రెండో పెళ్ళాం ఉంది, ఆరో నెల నుంచి మొన్న కాన్పు దాకా.

ఆవిడ చెబుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని ఓదార్చింది. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి నిజం చెప్పలేదు. నా కడుపు ఉబ్బిపోతోంది.

అయితే విను. అర్ధగంట తిట్టాక నెమ్మదించింది. అప్పుడు అన్నది ఇది. "వదినా, రెండో పెళ్ళాం వచ్చి ఏడాదైనా కాలేదట. కానీ ఆయన అవతలి గదికి వెళ్ళి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నేను అద్దంలో ఏం చూసుకున్నానో నీకు తెలుసా?" అక్కడ నాకు నవ్వు పోయింది.

నువ్వు పూర్తిగా తగ్గాక చెబుతానన్నావు. నీ నొప్పి తగ్గేసరికి ఆవిడకి నొప్పి పట్టుకుంది. నేను చెప్పను. నువ్వు రాయి. నాకు రాసినట్టే రాయి, పైకప్పు పెచ్చులతో సహా.

బతూల్


ఫెస్,
జనవరి 26

అక్కా,

లోపల ఇంకో కవరుంది. సఫియకి ఇవ్వు. దాన్ని కేటిల్ ఆవిరి మీద పెట్టకు, నీ సంగతి నాకు తెలుసు. తొమ్మిది పేజీలు. నేను ఆవిడకి రాసిన మొదటి ఉత్తరం ఇదే. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, రాయాల్సిన అవసరం రాలేదు.

ఇంట్లో వారం రోజులుగా గుడ్లు తింటున్నాను. మన్నానా కిటికీలోంచి నన్ను చూసి తల అటు తిప్పుకుంటోంది.

తహామి


తెత్వాన్,
ఫిబ్రవరి 2

తహామీకి,

ఇచ్చాను. మేడ మీద బట్టలు ఆరేసే చోట కూర్చుని చదివింది. గంటసేపు దిగలేదు. నేను రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి వచ్చాను.

దిగాక అంది కదా, "వదినా, రెండో పెళ్ళాం ఉందంటే ఒక వంతు కోపం వచ్చింది. లేదంటే రెండంతలు వస్తోంది. పక్క గదిలో నేనుండగా ఒక్కడే మోశాడు. ఉల్లిపాయల బుట్ట కూడా నన్ను మొయ్యమనే మనిషి." తర్వాత నా వైపు తిరిగి, "నీకు ముందే తెలుసు కదూ" అంది. తెలుసన్నాను. ఒక పూట నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టగానే మొదట అడిగింది బస్సు ఎన్నింటికని.

గురువారం సాయంత్రానికి దిగుతుంది. ఎదురెళ్ళు. సంచులు నువ్వు మొయ్యకు, బండి పెట్టు. మంగళవారం తను కూడా వస్తానంటోంది, ఆ ఇఖ్లాస్ ఎలా ఉంటుందో చూడాలట. చూడనీ.

బతూల్


ఫెస్,
ఏప్రిల్ 20

అక్కా,

కులాసా. ఈసారి నిజంగానే రాస్తున్నాను.

పూర్తిగా పోలేదు. పదిరోజుల్లో ఏడు రోజులు నొప్పి ఉన్నట్టే తెలియదు. పెద్ద పండగ బక్రీదుకి గొర్రెని ఎత్తి మళ్ళీ మొదటికి తెచ్చుకున్నాను. ఇంక అయిపోయిందనుకున్నాను. అలా తిరగబెట్టడం మామూలేనని, ఈసారి త్వరగా దిగుతుందని ఇఖ్లాస్ గారంది. వారంలో దిగింది.

సఫియ మంగళవారాలు వస్తుంది. ఇంట్లో ఊపిరి లెక్క ఆవిడదే. నేను పడుకుని పొట్ట ఉబ్బిస్తుంటే పక్కన కూర్చుని, "ఆరో నెల" అంటుంది. నవ్వొస్తే ఊపిరి చెడుతుంది, మళ్ళీ మొదలు. అవతలి గదిలో ఇప్పుడు గోధుమల బస్తాలున్నాయి.

కొట్లో ఎత్తు బల్ల చేయించాను. అరగంట నేల మీద, అరగంట నిలబడి. మిగతా మేస్త్రీలు చూసి, "తహామి కసాయి కొట్టు పెట్టాడు" అని నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో ఇద్దరు విడివిడిగా వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "మా బావమరిదికి ఇలాంటి బాధే ఉంది, ఎక్కడ చూపించావు?" అని అడిగారు. ఇద్దరికీ బావమరుదులు లేరు. అడ్రసు రాసిచ్చాను.

సెఫ్రూ గోడ పూర్తయింది. మే ఆఖరులో నీళ్ళు వదులుతారు. కొట్టు మూయడం లేదు.

నిన్ను రమ్మని పిలవాలని ఉంది, పిలిస్తే రావు. తొమ్మిదేళ్ళుగా ఫెస్ గడప తొక్కలేదు. బావ పోయినప్పుడు నేను ఒకరోజు ఆలస్యంగా వచ్చాననేనా? అదే అయితే తప్పు నాదే. నాకు చెప్పు.

తహామి


తెత్వాన్,
మే 6

తమ్ముడికి,

నువ్వు ఆలస్యంగా వచ్చిన సంగతి నేను మర్చిపోయాను. ఇప్పుడు గుర్తు చేశావు కాబట్టి ఇవాళ్టి నుంచి కోపంగా ఉంటాను.

నేను రాకపోవడానికి కారణం అది కాదు. నీకు రాద్దామని మూడుసార్లు కాగితం తీసి మూడుసార్లూ చింపాను. ఇది నాలుగోది.

దగ్గితే, తుమ్మితే, నవ్వితే నాకు ఆగదు తహామీ. తొమ్మిదేళ్ళుగా ఇంతే. గంటకోసారి వెళ్ళకపోతే బట్టలు తడుస్తాయి. ఆరు గంటల బస్సు ఎలా ఎక్కను? పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. మసీదులో వెనక వరసలో, గుమ్మం పక్కన నిలబడతాను. నుహైలా పండగ రోజు లోపలి గదిలో ఎందుకు కూర్చున్నానో ఎవరూ అడగలేదు. ముసలమ్మకి మోకాళ్ళ నొప్పులని అనుకున్నారు.

ఎన్ని వందలమంది ఆడవాళ్ళని "సిగ్గెందుకమ్మా, చెప్పు" అని గదిమానో. నిన్నూ గదిమాను. నువ్వు మగవాడివై ఉండి, అక్కకి అన్ని పేజీలు రాశావు. నేను నోరు తెరిచి ఒక్కరికి ఒక్క మాట చెప్పలేదు. మంత్రసానికే ఇలా ఉందంటే నవ్వుతారని.

నువ్వు ఏడ్చానని రాసిన ఉత్తరం వచ్చిన వారానికి షామా గారింటికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి హరీరా తీసుకెళ్ళలేదు. చెప్పేశాను. ఆవిడ నన్ను తన శిష్యురాలి దగ్గరికి పంపింది, చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్ళింది. మూడు నెలలైంది. ఇప్పుడు రెండు గంటలు ఆగగలను, ఒక్కోసారి రెండున్నర. పోయిన శుక్రవారం సఫియ రాసిన ఉత్తరం చదివి పకపకా నవ్వాను, ఏమీ కాలేదు.

మే ఇరవై ఎనిమిది పొద్దున బస్సుకి వస్తున్నాను. తోవలో ఎన్నిచోట్ల ఆపుతావని డ్రైవర్ని అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. ఎందుకో చెప్పాను, అందరూ వినేలా. సిగ్గుపడింది అతనే. మూడు చోట్ల ఆపుతానన్నాడు.

నీ అక్క,
బతూల్